మీటరుకి మతిమరుపొస్తే...

నరసరావుపేటలో మా మావయ్యకి రేడియో రిపేరు షాపుండేది. పొద్దున్నే షాపు తీయగానే ముల్లు మీటరు ముందేసుకుని, ముల్లు సున్నా మీద లేకపోతే చిన్న స్క్రూ తిప్పి సరిచేసేవాడు. తర్వాత కొత్త టార్చి సెల్లుకి పెట్టి, ఒకటిన్నర వోల్టు కాస్త దాటితే హమ్మయ్య అనుకునేవాడు. "మీటరు అబద్ధం చెప్తే బాగున్న పార్టుని పీకేస్తాంరా అబ్బాయ్" అనేవాడు.

మరి ఆ సెల్లు నిజమే చెప్తోందని గ్యారంటీ ఏంటి? ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. 1893లో ఎడ్వర్డ్ వెస్టన్ దాదాపు 1.018 వోల్టులిచ్చే, ఏళ్ళ తరబడి పెద్దగా మారని సెల్లు తయారుచేశాడు. 1911 నుంచి ప్రపంచంలోని ల్యాబులన్నీ దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నాయి. 1990లో ఆ స్థానం జోసెఫ్సన్ పద్ధతికి పోయింది. 2019 మే 20 నుంచి వోల్టుకి ఆధారం ప్రకృతి స్థిరాంకాలే. మన దేశంలో ఆ గొలుసు పైకొస ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. హైదరాబాదు ల్యాబులో స్టాంపు వేయించుకున్న మీటరు ఆ గొలుసులో కింది కొస అన్నమాట.

ఇక నా సంగతి. ఎలక్ట్రానిక్స్ పిచ్చి కొద్దీ పాత సామాన్ల కొట్లో హెచ్‌పీ 3478ఎ మల్టీమీటరు కొన్నాను. 1980ల నాటి సరుకు. దీంట్లో తిప్పడానికి స్క్రూలుండవు. కాలిబ్రేషన్ అంతా చిన్న ర్యామ్‌లో అంకెల రూపంలో ఉంటుంది, దాన్ని బతికించేది ఒక్క 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది నాకు తెలీక, పాతబడింది కదా అని బ్యాటరీ పీకి కొత్తది వేశాను. అంతే, మీటరుకి మతి పోయింది! మళ్ళీ కాలిబ్రేషన్ చేయించడానికి అడిగితే, మీటరు కొన్న ధర కన్నా ఎక్కువ చెప్పారు. రోజూ సర్వర్లకి బ్యాకప్పులు తీసే నేను చేసిన ఘనకార్యమిది :)

రెండోసారి ఇంకో 3478ఎ దొరికినప్పుడు బుద్ధిగా ఉన్నాను. వెనకున్న జీపీఐబీ పోర్టుకి ఆర్డినో బోర్డు తగిలించాను. హెచ్‌పీ 1960ల చివర్లో మొదలుపెట్టిన ఈ బస్సు 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది. ఎనిమిది డేటా తీగలు, ఒకే బస్సు మీద 15 పరికరాల దాకా. అందులో అందరికన్నా నిదానంగా వినేవాడు "అందింది" అనేదాకా మిగతావాళ్ళు ఆగాల్సిందే. మన మీటింగుల్లో లేని మర్యాద! అలా ఒక్కో చిరునామా అడుగుతూ 256 బైట్లూ చదివి దాచుకున్నాకే బ్యాటరీ మార్చాను. తర్వాత అవే తిరిగి రాశాను. మీటరు ఏమీ మర్చిపోలేదు.

మావయ్య మీటరు జ్ఞాపకం స్ప్రింగులో, స్క్రూలో ఉండేది, కంటికి కనపడేది. ఈ మీటర్ల జ్ఞాపకం నలభై ఏళ్ళు దాటిన బ్యాటరీ మీద వేలాడుతోంది. మీరు చదివిన కాలేజీ ల్యాబులో ఇలాంటివి మూలపడుంటే, ఎవరో స్క్రూడ్రైవరు పట్టుకునేలోపే ఒక్క శనివారం కేటాయించండి. ముందు కాపీ, తర్వాతే బ్యాటరీ.