నాలుగు ఎక్స్‌ల కథ

ఈకలతో కట్టిన ఈగను ఎరగా వేసి ట్రౌట్ చేపను పట్టే వేటలో, లావుపాటి దారానికీ గాలానికీ నడుమ కంటికి ఆనని సన్నని తీగ ఒకటి ఉంటుంది. దానినే లీడర్ అంటారు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపువేట గ్రంథం నాటికి దారమంతా గుర్రపు తోక వెంట్రుకలే.

18వ శతాబ్దంలో పట్టుపురుగు రంగప్రవేశం చేసింది. గూడు అల్లబోయే పురుగును వెనిగర్‌లో నానవేసి, దాని పట్టుగ్రంథిని బయటకు తీసి సాగదీస్తే మూరెడు తీగ వచ్చేది (పాపం పురుగు!). స్పెయిన్‌లోని ముర్సియా ఈ పనికి ప్రసిద్ధి. తీగ పొట్టిది గనుక ముక్కకు ముక్క ముడివేయక తప్పదు. అదీ నీటిలో నానిన తరువాతే, ఎండుతీగ ముడి దగ్గర పుటుక్కున తెగేది. మరింత సన్నం కావాలంటే, మన కంసాలి కమ్మచ్చులో తీగ లాగినట్లే, రంధ్రాల పలకలోంచి లాగేవారు. ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్‌లు.

1938లో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించింది. యుద్ధానంతరం పట్టుతీగ క్రమంగా కనుమరుగైంది. నైలాన్‌ను నానవేయనక్కరలేదు, కానీ జారుతుంది. కాబట్టి ముడికి చుట్లు పెంచి, ఉమ్మితో తడిపి బిగించాలి. నేటి నైలాన్ చుట్ట మీద కూడా 4ఎక్స్ అనే ఉంటుంది. 11లోంచి 4 తీసివేయండి: మందం అంగుళంలో వెయ్యింట 7 వంతులు.