సిస్టరమ్మ లెక్కపెట్టే ఊపిరి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దవాఖానాల్లో రోగి పక్కన రాత్రి కూర్చున్న మనవాళ్ళందరికీ ఇది తెలిసిందే. సిస్టరమ్మ వస్తుంది, మణికట్టు పట్టుకుని గడియారం చూస్తుంది, కాగితం మీద రాసుకుని పోతుంది. నాడి చూసిందనుకుంటాం. నాడి చూడడం అయిపోయినా ఆమె చెయ్యి వదలదు; ఛాతీ వైపు చూస్తూ ఊపిరి లెక్కపెడుతుంది. లెక్కిస్తున్నారని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది మరి!

ఈ ఊపిరి గురించి హైదరాబాదులో ఒకప్పుడు పెద్ద పరిశోధనే జరిగింది. అప్పుడు మన మూడు ఊళ్ళూ నిజాం రాజ్యంలోవే. ఆపరేషన్లకు క్లోరోఫాం ఇచ్చే ఆ రోజుల్లో కొందరు బల్ల మీదే ప్రాణాలు విడిచేవారు. ముందు ఆగేది గుండెయా, ఊపిరా? డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇది తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఆరవ నిజాం సర్కారు సొమ్ముతో లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. కుక్కల మీద, కోతుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, దాన్నే కనిపెట్టాలి అన్నారు. నాడి చూడనక్కర్లేదనేదే లారీ వాదం. అది సగమే నిజం. క్లోరోఫాం గుండెనూ ఉన్నట్టుండి ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు.

అందుకే నేడు వార్డులో ఒక్కటి చూసి ఊరుకోరు. జ్వరం, నాడి, ఊపిరి, రక్తపోటు, వేలికి తగిలించే యంత్రంతో ఆక్సిజన్, అన్నీ రాస్తారు. పెద్దలకు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి మామూలు. జబ్బు ముదిరేముందు తరచు మొదట మారేది ఈ అంకే. మామూలు వార్డుల్లో పని ఒత్తిడిలో అందాజుగా రాసేసేదీ, అయ్యో, ఇదే.

ఆ ఒక్క నిమిషంలో మనం మంచం చుట్టూ చేరి "తబియత్ ఎట్లుంది?" అని రోగిని పలకరిస్తే, సిస్టరమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే.