కంప్యూటరులోకి తెలుగు వచ్చిన దారి



ఈ ప్రత్యేక సంచికలో పాత సంచికల నుంచి ఒక మంచి వ్యాసాన్ని తిరిగి వేద్దామని కార్యవర్గం అనుకున్నది. 2002 సంచికలో మన సహోద్యోగి ఒకరు తమ సర్వీసు జ్ఞాపకాలు రాశారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ సంచిక అచ్చు ప్రతి మల్కాజ్‌గిరిలోని మన సంఘం గదిలో ఒక్కటీ మిగలలేదు. వారింట్లో దాచుకున్న ప్రతి 2020 అక్టోబరు వానలకు ఇంట్లోకి నీళ్ళు చేరి ముద్దయిపోయింది. ఆ వ్యాసం మళ్ళీ వేస్తామని చెబితే వదినగారు, "ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో వేయించండి, నా కళ్ళకు ఆనవలసింది అదొక్కటే" అన్నారు. ఆ మాట విన్నాక వెతకక తప్పలేదు.

బీరువా అడుగున ఆ సంచిక తాలూకు సీడీ దొరికింది. కొత్త కంప్యూటర్లకు సీడీ పెట్టే చోటే ఉండటం లేదు. బయట తగిలించే డ్రైవు అరువు తెచ్చి చూశాం. ఫైలు తెరుచుకున్నది. కాని అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు, పైన చుక్కలున్న ఏవో వింత అక్షరాలు. సాయానికి వచ్చిన కుర్రవాడు, "సార్, ఫైలు కరప్ట్ అయింది, పారేయండి" అన్నాడు.

ఫైలు పాడు కాలేదు. దాన్ని తెలుగుగా చూపించే ఏర్పాటు ఆ కంప్యూటరులో లేదు, అంతే. ఈ తేడా తెలియకనే మన ఇళ్ళలో, మన కార్యాలయాలలో ఎన్నో రాతలు చెత్తబుట్ట పాలవుతున్నాయి. అందుచేత కంప్యూటరులోకి తెలుగును ఎక్కించడానికి ఏ కాలంలో ఏ తంటాలు పడ్డామో నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

నేను 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. అప్పటికే 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది, వావిలాల గోపాలకృష్ణయ్యగారు తొలి అధ్యక్షులు. ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో జరపాలన్నారు. జరపాలంటే తెలుగు టైపు మిషను కావాలి. మన అక్షరాలు యాభై పైచిలుకు, వాటికి గుణింతాలు, వత్తులు. మీటలు చూస్తే ఇంగ్లీషు మిషనుకు ఉన్నన్నే. కాబట్టి మిషను చేసినవారు అక్షరాన్ని ముక్కలు చేశారు. ఒంటి రూపు ఒక మీట, దాని మీది గుర్తు ఒక మీట, కింది వత్తు ఒక మీట. ముక్కకు ముక్క అతికిస్తే కాగితం మీద అక్షరం తయారయ్యేది. ఈ ముక్కల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కంప్యూటరు అనే మాట మనకు మరీ కొత్తదేమీ కాదు. మల్కాజ్‌గిరి నుంచి మౌలాలి మీదుగా వెళ్తే వచ్చే ఈసీఐఎల్ 1967లో, ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో మొదలైంది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరు 1969లో వచ్చింది. ఆ వరస కంప్యూటర్లను ఈసీఐఎల్ తయారు చేసింది. మన పక్కన పుట్టిన యంత్రాలే అయినా అవి లెక్కల కోసం, శాస్త్ర పరిశోధన కోసం. గుమాస్తా బల్ల మీదికి వచ్చిన కంప్యూటరు వేరు. 1981లో అమెరికాలో ఐబీఎం పీసీ విడుదలైన తరువాత ఆ నమూనా యంత్రాలు ప్రపంచమంతా పాకి, 1990 తరువాత మన కార్యాలయాలకూ చేరాయి.

మా కార్యాలయానికి అది వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. దానికి ఒక చల్లని గది, తెర మీద గుడ్డ ముసుగు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోవాలి, గుడిలోకి పోయినట్టే. 1996లో దానిలో విండోస్ 95 ఎక్కించడానికి ఒక సంస్థ మనిషి వచ్చాడు. ఆ సాఫ్ట్‌వేరు సీడీ మీదా వచ్చేది, పదమూడు ఫ్లాపీల మీదా వచ్చేది. మా యంత్రానికి సీడీ డ్రైవు లేదు కనుక మాకు ఫ్లాపీలే గతి. ఒకటి పెట్టడం, అది గరగరమంటుంటే చూస్తూ కూర్చోవడం, తెర మీద అడిగినప్పుడు తీసి రెండోది పెట్టడం. పదకొండో ఫ్లాపీ దగ్గర యంత్రం చదవలేనన్నది. మళ్ళీ పెట్టినా అదే మాట. వచ్చినతను, "ఇంకో సెట్టు తెస్తాను" అని వెళ్ళి తొమ్మిది రోజులకు వచ్చాడు. ఆ తొమ్మిది రోజులూ కంప్యూటరు ఇటు పాతదీ కాక, అటు కొత్తదీ కాక ముసుగేసుకుని కూర్చున్నది. జీతాల బిల్లులు మేము చేత్తోనే రాశాం. ఒక్క ఫ్లాపీ చెడితే పన్నెండు ఫ్లాపీలూ దండగేనని ఆనాడు తెలిసింది.

ఇంతా చేసి ఎక్కిన తరువాత దానికి తెలుగు రాదు! తెలుగుకు మళ్ళీ వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కంప్యూటరు అక్షరాలను అక్షరాలుగా దాచుకోదు, అంకెలుగా దాచుకుంటుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’కు అంకె 65. ఈ లెక్క అందరూ ఒప్పుకున్నది కనుక ఇక్కడ కొట్టిన ‘ఎ’ అమెరికాలోనూ ‘ఎ’ గానే కనబడుతుంది. మన ఫైలు నంబర్ల వంటిదే ఇది. శాఖ అంతటికీ ఒకే వరస ఉంటే ఏ సెక్షనులోనైనా ఫైలు దొరుకుతుంది. ఒక్కో సెక్షను తన ఇష్టమొచ్చిన నంబరు వేసుకుంటే ఆ గుమాస్తా బదిలీ అయిన మరునాడు ఫైలు గల్లంతు.

తెలుగుకూ అలాంటి వరస కావాలని పెద్దలు మొదటే గ్రహించారు. కాన్పూరు ఐఐటీలో 1980 దశకంలో జిస్ట్ అనే విధానం రూపొందింది. దానిని 1988లో పుణెలో ఏర్పడిన సీ-డాక్ సంస్థ ముందుకు తీసుకుపోయింది. జిస్ట్ కార్డు అంటే ఒక ఎలక్ట్రానిక్ పలక. కంప్యూటరు పెట్టె విప్పి లోపలి గాడిలో దాన్ని గుచ్చితే డాస్ మీద నడిచే ప్రోగ్రాముల్లో కూడా భారతీయ భాషలు కనబడేవి. అక్షరాల అంకెలకు ఇస్కీ అనే ప్రమాణం 1988లో వచ్చి, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ముద్రతో ఖరారైంది. అంతకు ముందే 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక నిర్ణయించారు. ఎడమ చేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి చేతికి హల్లులు. హిందీ ‘క’ ఏ మీటనో తెలుగు ‘క’ కూడా ఆ మీటనే. ఆలోచన చక్కనిది. కాని కార్డు కొనాలి, మీటల అమరిక కొత్తగా నేర్చుకోవాలి. అచ్చుపనివారికి కావలసిన రకరకాల అందమైన అక్షరాలు అందులో అంతగా లేవు.

అందుకని డీటీపీవారు వేరే దారి పట్టారు. 1990 దశకంలో పేజ్‌మేకరు, దానికి తోడు అను ఫాంట్లు, శ్రీలిపి వంటి తెలుగు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వీటి కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాల అంకెలనే ఉంచి, ఆ స్థానాలలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఇందాక గుర్తుంచుకోమన్న టైపు మిషను సంగతి ఇదే. టైపు మిషను తెలిసినవారు దానికి త్వరగానే అలవాటు పడ్డారు. కల్యాణ పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు, మన సంచికలు అన్నీ ఆ చలవతోనే అందంగా వచ్చాయి. ఆ మేలు మరువరాదు.

లోపం ఎక్కడంటే, ప్రతి తయారీదారుదీ ముక్కల వరస వేరు. ఒకరి ఫాంటుతో కొట్టినది మరొకరి ఫాంటులో చదవడానికి రాదు. ఏ ఫాంటూ లేని యంత్రంలో పెడితే ముక్కలన్నీ పోయి, వాటి కింద దాగిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. మా కుర్రవాడు కరప్ట్ అయిందన్నది దీనినే. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లకు డాంగిల్ అని ఒక తాళం ఉండేది. బొటనవేలంత పరికరం, కంప్యూటరు వెనుక ప్రింటరు గూటిలో తగిలించాలి. అది పోతే డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు కూడా తెరుచుకోదు. 2000 ప్రాంతంలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చదవాలన్నా చాలావాటికి ఆయా పత్రికల ఫాంటు విడిగా దింపుకోవలసివచ్చేది.

ఈ చిక్కుకు మందు అప్పటికే తయారై ఉన్నది. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ‘అ’ అంకె 3077, ‘క’ అంకె 3093. లోకంలో మరే అక్షరానికీ ఆ అంకెలు ఉండవు. ఇక్కడ దాచుకునేది ముక్కల బొమ్మలను కాదు, అక్షరాలను. ‘క్ష’ అంటే క, పొల్లు, ష అని మూడు అంకెలు దాస్తే, వాటిని కలిపి బొమ్మ గీయడం కంప్యూటరు పని. ఆ కలిపే విద్య మన ఇళ్ళలోని యంత్రాలకు రావడానికి మరో పదేళ్ళు పట్టింది.

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉన్నది. అయినా తెలుగు దానంతటదే కనబడేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీ తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళు ఎక్కించమని ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. సీడీ పెట్టి, యంత్రాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తే తెలుగు వస్తుంది. ఈ టిక్కు సంగతి తెలియక, కంప్యూటరుకు తెలుగు రాదనే ఏళ్ళ తరబడి నమ్మినవారున్నారు. వారిలో నేనూ ఒకడిని.

ఆ తరువాత చాలామంది చేయి వేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే యూనికోడు ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. దినపత్రికల వెబ్‌సైట్లలోని ముక్కల ఫాంట్లను యూనికోడులోకి మార్చే ‘పద్మ’ అనే సాధనం వచ్చింది. 2011, 2012 ప్రాంతంలో సిలికానాంధ్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటి పేర్లతో ఫాంట్లు విడుదల చేశాయి. 2019లో విండోస్ 10లోనే ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి తెలుగు కొట్టే మీటల ఏర్పాటు చేర్చారు. ఇప్పుడు తెలుగు కోసం పెట్టె విప్పనక్కరలేదు, డాంగిల్ అక్కరలేదు. సెట్టింగుల్లో భాషల జాబితా తెరిచి తెలుగును చేర్చుకుంటే చాలు.

ఇక మన సీడీ దగ్గరికి వస్తాను. మల్కాజ్‌గిరిలోనే ఒక డీటీపీ దుకాణంలో పాత కంప్యూటరు, పాత సాఫ్ట్‌వేరు ఇంకా నడుస్తున్నాయి. అక్కడ ఫైలు తెరవగానే మా మిత్రుని మాటలు తెలుగులో కనబడ్డాయి. ఆ దుకాణం అబ్బాయే దాన్ని యూనికోడులోకి మార్చి ఇచ్చాడు. మార్చేటప్పుడు కొన్ని వత్తులు తారుమారయ్యాయి. వరుసగా మూడు సాయంత్రాలు కూర్చుని దిద్దాను. రెండుచోట్ల మాత్రం మాట ఎంతకీ తేలలేదు. వదినగారి దగ్గరికి వెళ్ళి ఆ వాక్యాలు చదివి వినిపించాను. మొదటిది ఆయన తొలి పోస్టింగు ఊరి పేరు, వెంటనే చెప్పారు. రెండోది విని కొంచెంసేపు ఊరుకుని, "అది మా పెద్దమ్మాయిని ఆయన ముద్దుగా పిలిచే పేరు" అన్నారు. ఆ పేరు ఏ సాఫ్ట్‌వేరుకు తెలుస్తుంది? ఇంకో నాలుగేళ్ళు ఆలస్యం చేసి ఉంటే, చెప్పేవారు ఉండేవారో లేదో.

అందుకే మిత్రులకు నా విన్నపాలు మూడు. మీ ఇళ్ళలో పాత ఫ్లాపీలు, సీడీలు ఉంటే పిల్లల చేత పారవేయించకండి, సంఘం గదికి పంపండి. వాటి మీద ఏ సంవత్సరం, ఏ ఫాంటు, ఏ సాఫ్ట్‌వేరు అన్నది తెలిస్తే రాయండి, డాంగిల్ ఉంటే జతచేయండి. యూనికోడులోకి మార్చిన ప్రతిని తెలిసిన మనిషి ఒకరు మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ముఖ్యంగా పేర్లు, తేదీలు, అంకెలు.

మా మిత్రుని వ్యాసం ఈ సంచికలోనే వేరే పుటలో ఉన్నది, వదినగారు అడిగినట్టే పెద్ద అక్షరాలలో. విదేశాల్లో ఉన్న వారి మనుమలకు అదే వ్యాసం ఫోనులో పంపాం. అక్కడ తెలుగు కోసం ఏమీ ఎక్కించకుండానే తెరుచుకున్నదట. 1996లో తొమ్మిది రోజులు ముసుగు కింద కూర్చున్న యంత్రాన్ని చూసినవాడిని, ఆ కబురు నాకెంత సంతోషమిచ్చిందో మీకు వేరే చెప్పనక్కరలేదు.