గోడ వణుకుకు కొలత

నేను కొన్నాళ్లు పనిచేసిన ఊరు ఒక ఓపెన్ కాస్ట్ గని అంచున ఉంటుంది. మధ్యాహ్నం బడి కిటికీలు ఒక్కసారి గలగలమనేవి. పిల్లలు తలెత్తేవారు కాదు. "బ్లాస్టింగ్ సార్" అని ఎవరో ఒకరు అనేసి మళ్లీ రాసుకునేవారు. ఈ వణుకును కొలవొచ్చని, దానికి హద్దు ఉందని ఆ ఊరి పెద్దలకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

మన గోదావరి లోయలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలైంది. చాలాకాలం అన్నీ భూమి లోపలి బొగ్గుబాయిలే. పై మట్టి, బండ మొత్తం తీసేసే ఓపెన్ కాస్టులు 1970ల తర్వాత పెరిగాయి. బండకు వరుసగా బోర్లు వేసి, మందు నింపి పేలుస్తారు. బండను పగలగొట్టగా మిగిలిన శక్తి నేలలో అలలుగా వచ్చి మన గోడల పునాదిని తాకుతుంది.

ఈ అలలు ఎంతవరకైతే ఇంటికి ప్రమాదం లేదన్న లెక్క చాలావరకు అమెరికాలో తేలింది. అక్కడి గనుల బ్యూరో 1942లో క్వారీ పేలుళ్ల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. 1971లో, నేల కదిలే వేగం సెకనుకు 50 మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదంది. 1980లో 76 ఇళ్లలో, 219 పేలుళ్లకు కొలిచి చూసి మాట మార్చుకుంది. మెల్లగా ఊగే అలలైతే పాత గచ్చుపూత ఇళ్లకు 12.7 దాటకూడదంది. ఉయ్యాల ఊగే లయకు సరిగ్గా తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తు పోతుందో పిల్లలకు తెలుసు. ఇల్లూ అంతే. అయితే వాళ్లు కొలిచినవి అమెరికా ఇళ్లు. తడికెకు మట్టి మెత్తిన మన గోడలు ఆ లెక్కలో లేవు.

మన దేశంలో గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో 7వ నంబరు సాంకేతిక సర్క్యులర్ ఇచ్చింది. సమత తీర్పు వచ్చింది కూడా ఆ ఏడాదే. తీర్పు సంగతి మన యువకులు చాలామంది చెప్పగలరు, సర్క్యులర్ సంగతి ఎవరూ చెప్పరు. గని యజమానివి కాని ఇళ్లకు హద్దు ఇది: సెకనుకు 8 ఊపుల కన్నా తక్కువైతే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకు 10, ఆపైన 15. యజమాని సొంత ఇళ్లకైతే 10, 15, 25. చారిత్రక కట్టడాలకు 2, 5, 10.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. కచ్చా ఇల్లు, ఇటుక సిమెంటు ఇల్లు ఒకే వరుసలో ఉన్నాయి. ఇక మన వేల్పుల గుడిని చారిత్రక వరుసలో చేర్చమని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

కొలిచే పనిముట్టు పేరు జియోఫోన్. దాన్ని ఇంటి పునాది పక్కన గట్టి నేలలో కదలకుండా పాతాలి. వదులు మట్టిలో పెడితే లెక్క తప్పుతుంది. అది మూడు దిక్కుల కదలికనూ రాస్తుంది. వణుకు ఎక్కువగా వస్తే తగ్గించే దారీ ఉంది. బోర్లన్నీ ఒకేసారి పేల్చకుండా మిల్లీసెకన్ల తేడాతో పేల్చి, ఒక్కో విడతలో పేలే మందును తగ్గించాలి.

ఆ ఊరికి ఒకసారి యంత్రం తెచ్చారు. బడి స్లాబు బిల్డింగు మెట్ల పక్కన పెట్టారు. గనికి దగ్గరగా ఉన్నవి గూడెం చివరి మట్టి ఇళ్లు. అక్కడి నుంచి వచ్చిన ఒక అవ్వ, "మా ఇంటికాడ పెట్టరా సారూ?" అని నన్నే అడిగింది. నేను సమాధానం చెప్పలేదు. రీడింగు హద్దులోపే వచ్చిందన్నారు. సెకనుకు ఎన్ని ఊపులో ఆ కాగితంలోనే ఉండి ఉంటుంది. చూపించమని అడగాలని కూడా నాకు తెలియదు.