పిడికిలా, పట్టా: ఒక పాత పందెం పుట్టుపూర్వోత్తరాలు

బాక్సరూ, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటరూ నడివీధిలో తలపడితే ఎవరిది పైచేయి? కుర్రాళ్ల మధ్య ఈ వాదన మొదలైతే ఓ పట్టాన తెగదు. 1999లో ‘తమ్ముడు’ చూసి కిక్‌బాక్సింగ్ మీద మోజుపడ్డ తరం వేరు. 2022లో ‘లైగర్’ వచ్చేనాటికి ఎం.ఎం.ఎ. అన్న మాట మన ఊళ్లలోనూ వినబడుతోంది. అందులో బాక్సర్ మైక్ టైసన్ కూడా నటించడంతో పోలిక తెరమీదికే వచ్చేసింది. నిజానికి ఈ పందెం మనం అనుకునేంత కొత్తదీ కాదు, అనాదిగా ఉన్నదీ కాదు. గుద్దేవాడు ఒకడు, పట్టు పట్టేవాడు ఇంకొకడు అని మల్లులు రెండుగా చీలాకే అది పుట్టింది. ఆ చీలిక ఎలా వచ్చిందో తెలిస్తే వీధి సంగతి సగం తేలిపోతుంది.

ప్రాచీన గ్రీకుల ఒలింపిక్స్‌లోకి క్రీ.పూ. 708లో కుస్తీ, 688లో ముష్టియుద్ధం వచ్చాయి. 648లో ఆ రెంటినీ కలిపిన పాంక్రేషన్ వచ్చింది. అందులో కొరకకూడదు, కళ్లు పొడవకూడదు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కిందపడేసి మెడ నొక్కొచ్చు. ఒకే మనిషి రెండు పోటీల్లోనూ దిగడం అప్పట్లో వింత కాదు. థాసోస్ ద్వీపానికి చెందిన థియాజెనీస్ క్రీ.పూ. 480లో ముష్టియుద్ధం, 476లో పాంక్రేషన్ గెలిచాడు. థీబ్స్ వాడైన క్లైటోమాకస్ సంగతి ఇంకా ఆసక్తికరం. క్రీ.పూ. 212లో రెండింటికీ పేరిచ్చి, పాంక్రేషన్‌ను ముందుకు జరపమని నిర్వాహకులను కోరాడు. ముష్టియుద్ధం ముందు జరిగితే ఆ గాయాలతో పాంక్రేషన్‌కు దిగలేనన్నది అతని మాట. వాళ్లు ఒప్పుకున్నారు. పాంక్రేషన్‌లో ఓడిపోయాడు, ముష్టియుద్ధంలో నెగ్గాడు. తోలుపట్టీలు చుట్టుకున్న పిడికిలి ఒంటిని ఎంత గుల్ల చేస్తుందో రెండూ ఎరిగినవాడే చెప్పినట్టయింది.

మన వైపూ గుద్దుకూ పట్టుకూ మధ్య గోడ లేదు. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవాల్లో మల్లుల పోరు చూసి ఆశ్చర్యపోయాడు. తమ దేశపు కుస్తీలా లేదే అని అతని విస్మయం. పళ్లు రాలేలా, కళ్లు పోయేలా, ముఖాలు వికారమయ్యేలా గుద్దుకుంటున్నారని, మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకుపోతున్నారని, అదే పోటీలో ఒకరినొకరు చక్కగా ఎత్తి పడేస్తున్నారని కూడా రాశాడు. హంపీలో మహానవమి దిబ్బ చూసినవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈనాడు ఎం.ఎం.ఎ. అంటున్న పోరుకు దగ్గరి చుట్టం లాంటిది ఐదు వందల ఏళ్ల కిందట రాయల కళ్లెదుట జరిగింది.

చీలిక తెచ్చింది ఇంగ్లండు. అదీ ఒక్కసారిగా కాదు. జాక్ బ్రౌటన్ 1743లో రాసిన నియమాల్లో కిందపడ్డవాణ్ని కొట్టొద్దని, నడుము కింద పట్టుకోవద్దని ఉంది. నడుముపైన పట్టి పడేయడం బాక్సింగ్‌లో భాగమే. వట్టి చేతులతో జరిగిన చివరి హెవీవెయిట్ టైటిల్ పోరు 1889లో మిసిసిపీలో జాన్ ఎల్. సలివాన్, జేక్ కిల్రెయిన్‌ల మధ్య 75 రౌండ్లు సాగింది. దానికి సలివాన్‌ను తయారుచేసిన గురువు విలియం మల్డూన్ పేరుమోసిన మల్లుడు. ఈలోగా 1867లో వెలువడ్డ క్వీన్స్‌బెరీ నియమాలు మెల్లగా లోకమంతా పాకాయి. చేతికి గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్, లేవడానికి పది సెకన్ల గడువు, వీటితోపాటు ఎదుటివాణ్ని వాటేసుకోవడం, కుస్తీ పట్టడం నిషేధం. బాక్సర్ల చేతివేగం, తల తప్పించే నేర్పు, కాళ్ల కదలిక ఇంత పదునెక్కింది ఆ నిషేధం వల్లే. వాళ్లకు పట్టు విడిపించుకోవడం రాకుండా పోయింది కూడా దానివల్లే.

అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. దాన్ని పందెంగా కాసినవాడు జిమ్ బెక్ అనే అమెరికన్ రచయిత. జూడో వాళ్లను ఎద్దేవా చేస్తూ ఒక పత్రికలో రాసి, బాక్సర్‌ను ఓడించగలిగితే వెయ్యి డాలర్లిస్తానని సవాలు విసిరాడు. జూడో ఛాంపియన్ జీన్ లెబెల్ సరేనన్నాడు. ఎదురుగా నిలిచింది అనుభవజ్ఞుడైన బాక్సర్ మైలో సావేజ్. 1963 డిసెంబరు 2న సాల్ట్ లేక్ సిటీలో పోటీ. బాక్సర్ జూడో కోటు తొడుక్కోవాలి, జూడో మనిషి తన్నకూడదు. సావేజ్ తేలిగ్గా చిక్కలేదు. మూడు రౌండ్లు నిలబడ్డాడు, పట్లు తప్పించుకున్నాడు. నాలుగో రౌండ్‌లో లెబెల్ అతన్ని కిందపడేసి, వెనకనుంచి మెడకు చేయి బిగించాడు. సావేజ్ స్పృహ తప్పాడు. ప్రేక్షకులు అతనివైపే. కోపంతో రింగులోకి చేతికందినవి విసిరారు.

అదే లెబెల్ పదమూడేళ్ల తర్వాత ఇంకో పోరులో రెఫరీగా నిలబడ్డాడు. 1976 జూన్ 26, టోక్యో బుడోకాన్. ఒకపక్క బాక్సర్ ముహమ్మద్ ఆలీ, మరోపక్క జపాన్ మల్లుడు ఆంటోనియో ఇనోకీ. ఆలీ పక్షం పట్టుబట్టడంతో కుస్తీ పట్లలో చాలావాటికి నిబంధనలు అడ్డుపడ్డాయి. ఇనోకీ చేసేదిలేక వెల్లకిలా పడుకుని ఆలీ మోకాళ్ల కింద తన్నడం మొదలుపెట్టాడు. పదిహేను రౌండ్లూ అదే తంతు. ఆలీ విసిరిన గుద్దులు ఆరంటారు. ఫలితం డ్రా. ప్రపంచం దాన్ని తమాషా అని తీసిపారేసింది. నాకు మాత్రం ఆ రోజు ఆలీ కాళ్లే సాక్ష్యం. అవి వాచిపోయి, రక్తం గడ్డకట్టి, ఆయన్ను ఆస్పత్రిపాలు చేశాయి. నడుము కిందికి దెబ్బ రాదని నమ్మి నిలబడే మనిషికి కింద కవచమే లేదని అంత పెద్ద వేదిక మీద తెలిసొచ్చింది.

బ్రెజిల్‌లో ఈ లెక్క ముందే తేల్చుకున్నారు. 1914లో అక్కడ అడుగుపెట్టిన జపాన్ జూడో వీరుడు మిత్సుయో మయేదా విద్య గ్రేసీ కుటుంబానికి అబ్బింది. వాళ్లు ఇంటి విద్యగా మార్చుకుని, ఎవరితోనైనా సై అంటూ సవాళ్లు విసిరారు. హీలియో గ్రేసీ 1932లో ఆంటోనియో పోర్చుగల్ అనే బాక్సర్‌ను నిమిషంలోపే లొంగదీశాడు. ఆయన కొడుకులు ఆ సవాలును అమెరికాకు మోసుకెళ్లారు. 1993 నవంబరు 12న డెన్వర్‌లో యు.ఎఫ్.సి. అనే ఎం.ఎం.ఎ. పోటీ మొదటిసారి జరిగింది. బరువు తరగతుల్లేవు, మార్కులేసే జడ్జీల్లేరు. పాంక్రేషన్‌లాగే ఇక్కడా కొరకడం, కళ్లు పొడవడం కూడదు. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్‌సన్ ఎడమచేతికి మాత్రం గ్లవ్ వేసుకుని వచ్చాడు. ఎనభై కిలోల రాయిస్ గ్రేసీ అతని నడుము దొరకబుచ్చుకుని పడేసి, ఛాతీమీద కూర్చున్నాడు. ఇంకా ఏ పట్టూ బిగించకముందే, 2 నిమిషాల 18 సెకన్లకు, జిమ్మర్‌సన్ నేలను తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. బయటపడే దారి అతనికి ఎవరూ నేర్పలేదు. గ్రేసీ ఆ రాత్రి ముగ్గురిని ఓడించి 50 వేల డాలర్లు అందుకున్నాడు.

తర్వాతి పోటీలన్నీ ఒకటే చెప్పాయి: ఎవరి నియమాల్లో ఆడితే వాళ్లే గెలుస్తారు. 2010లో బాక్సింగ్ ఛాంపియన్ జేమ్స్ టోనీ ఎం.ఎం.ఎ.కు వస్తే 47 ఏళ్ల రాండీ కూచర్ మొదటి రౌండ్‌లోనే కాలు లాగి పడేసి మెడ బిగించాడు. 2017లో ఎం.ఎం.ఎ. ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ బాక్సింగ్ రింగ్‌కు వెళ్తే బాక్సర్ మేవెదర్ పదో రౌండ్‌లో ఆపేశాడు. మరో ఎం.ఎం.ఎ. ఫైటర్ ఫ్రాన్సిస్ ఎంగానూ 2023లో బాక్సింగ్‌కు దిగి టైసన్ ఫ్యూరీని ఒకసారి కిందపడేశాడు, పాయింట్లమీద ఓడాడు. 2024లో బాక్సర్ ఆంథనీ జాషువా అతన్ని రెండో రౌండ్‌లోనే పడుకోబెట్టాడు.

మరి ఏ నియమాలూ లేని వీధిలో? 1988 ఆగస్టు 23 తెల్లవారుజామున న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక బట్టల దుకాణం బయట మైక్ టైసన్‌కూ, రెండేళ్ల కిందట రింగులో తన చేతిలో పది రౌండ్లు నిలిచి ఓడిన మిచ్ గ్రీన్‌కూ గొడవైంది. గ్రీన్ కన్ను వాచి మూసుకుపోయింది. టైసన్ కుడిచేయి ఎముక చిట్లింది. ఫ్రాంక్ బ్రూనోతో జరగాల్సిన పోటీ వాయిదా పడింది. ఆనాటికి భూమ్మీద అతన్ని మించిన పిడికిలి లేదు. పట్టీలు, గ్లవ్ లేకపోతే దాని గతి అది. చిటికెనవేలి వెనక అరచేతిలో ఉండే సన్నని ఎముక గట్టిదాన్ని గుద్దితే విరుగుతుంది. డాక్టర్లు ఆ విరుపునే ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’ అంటారు. పుర్రె నుదుటి భాగంకన్నా గట్టిది వీధిలో ఏముంటుంది? మొదటి యు.ఎఫ్.సి. తొలి పోటీలోనే గెరార్డ్ గోర్డో సుమో మల్లుణ్ని 26 సెకన్లలో చిత్తుచేసి, చేయి విరగ్గొట్టుకుని, పాదంలో ప్రత్యర్థి పన్ను దిగబడి బయటికొచ్చాడు. గెలిచినవాడి పరిస్థితి అది.

పట్టువాడికీ వీధి మెత్తనిది కాదు. కింద పడుకుని పోరాడటం పరుపుమీద నేర్చిన విద్య. తారురోడ్డుమీద మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి. పైగా ఒకణ్ని పట్టుకుని నేలమీద ఉన్నప్పుడు ఎదుటివాడి తమ్ముడో, స్నేహితుడో వెనకనుంచి తలమీద తన్నితే ఏ పట్టూ ఆదుకోదు. ఇద్దరిలో ఎవరు పడేసినా, తల వెనకభాగం సిమెంటుకు కొట్టుకుంటే ప్రాణం పోవచ్చు. వీధిలో గుద్దుకన్నా ఆ పాటే ఎక్కువ ప్రమాదం. అందుకే ఈ రెండు విద్యలూ తెలిసినవాళ్లెవరూ తమ్ముళ్లను వీధి తగాదాకు పంపరు, పంపకూడదు కూడా.

అయినా అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. ఇద్దరే ఉండి, బరువు సమానమై, చేతిలో కత్తీ కర్రా లేకపోతే నా మొగ్గు ఎం.ఎం.ఎ. ఫైటర్ వైపే. అతను బాక్సింగ్ కూడా రోజూ సాధన చేస్తాడు, బాక్సర్ పట్టు విడిపించుకోవడం సాధన చేయడు. బాక్సర్‌కు దొరికేది మొదటి రెండు మూడు సెకన్లు. చేతి దూరంలో అతని కుడి గుద్దు సూటిగా తగిలితే కథ అక్కడే ముగుస్తుంది, తగలక ఒకసారి నడుము చిక్కితే మైలో సావేజ్‌కు జరిగిందే జరుగుతుంది. అదే ముగ్గురు నలుగురు మీదపడ్డ చోటైతే నేలమీదికి పోయే విద్యకన్నా నిలబడి, కొట్టి, జారుకునే బాక్సర్ కాళ్లనే నేను నమ్ముతాను.