బైండింగు దుకాణములోని ప్రయోగశాల

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొనిన ఈ శుభసమయమున, పుస్తకము మనుష్యుని ఎంతదూరము కొనిపోగలదో తెలుపు ఒక చరిత్రను చదువరులకు విన్నవింపదలచితిని. శాస్త్రపరిశోధనకు గొప్ప భవనములును, విలువగల పరికరములును ఉండి తీరవలెనని పలువురి తలంపు. మైకేల్ ఫారడే జీవితము ఈ తలంపునకు తగిన సమాధానము.

ఫారడే 1791లో లండను చెంత ఒక కమ్మరి ఇంట జన్మించెను. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు, ఇంతియే ఆయన బడిచదువు. 1805లో, పదునాల్గవ యేట, రీబో అను పుస్తకవిక్రేత యొద్ద బైండింగు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒడంబడికపై చేరెను. కుట్టుటకు వచ్చిన పుస్తకములను కుట్టి పంపుటతో తృప్తిపడక, వానిని చదువసాగెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములోని విద్యుద్విషయమును, జేన్ మార్సెట్ అను విదుషి సంభాషణరూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును ఆయన మనస్సును దోచుకొనెను.

అయితే పుస్తకములో నున్నదిగదా యని ఆయన ఊరకుండలేదు. వారమునకు కొద్ది పెన్నీలు వెచ్చించి, ఆ డబ్బుతో సాధ్యమైన ప్రయోగములు చేసి, చదివినది నిజమగునో కాదో తానే చూచుకొనెను. గాజుసీసాతో ఒక చిన్న విద్యుద్యంత్రమును చేసికొనెను. 1812 జూలైలో చేసిన ప్రయోగము మరింత ముచ్చటైనది. రాగి అర్ధపెన్నీ నాణెములు ఏడు. అంతే పరిమాణమున జింకురేకు నుండి కత్తిరించిన బిళ్ళలు ఏడు. జతకును జతకును నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలు. ఇవి ఒకదానిపై నొకటి పేర్చగా విద్యుత్తు పుట్టెను. జింకు ఉప్పునీటిలో మెల్లగా కరగుచు ఎలక్ట్రానులను విడుచును. అవి తీగె వెంట రాగివైపు ప్రవహించును. ఇందులోని మర్మ మింతియే.

ఆ యేడే ఒక ఖాతాదారు ఇప్పించిన టిక్కెట్లతో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగు వినెను. వ్రాసికొనిన విషయములను స్వహస్తములతో బైండు చేసి డేవీకి పంపెను. నేర్చిన చేతిపనియే సిఫారసు పత్రమయ్యెను! 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా నియమితుడయ్యెను.

1831 ఆగస్టు 29న ఇనుప కడియమునకు రాగితీగెను రెండు చుట్టలుగా చుట్టి, తీగెలు ఒకదానికొకటి తగులకుండ నడుమ దారమును నూలుగుడ్డను పెట్టెను. ఒక చుట్టలో ప్రవాహము మొదలైనప్పుడును, ఆగినప్పుడును రెండవ చుట్టలో క్షణకాలము విద్యుత్తు పొడసూపెను. అక్టోబరు 17న అయస్కాంతపు కడ్డీని తీగెచుట్టలోనికి త్రోసియు, వెలికిలాగియు విద్యుత్తును పుట్టించెను. నేడు నాగార్జునసాగరమున, శ్రీశైలమున తిరుగు జనరేటర్లును, మన పొలములలో మోటార్లను నడపు విద్యుత్తును ఆ సూత్రముపైననే ఆధారపడియున్నవి.

సోదరులారా! రీబో తన పనివానిని పుస్తకము ముట్టవద్దని కసరియున్నచో, పని చెడునని ప్రయోగములు మాన్పించియున్నచో, ఆ బాలుడు బైండరుగానే మిగిలెడివాడేమో! అతడు అడ్డుపెట్టలేదు, అదియే ఆతని ఘనత. అలమారలోని శాస్త్రగ్రంథముల అట్టలు నలగకుండుట గ్రంథాలయమునకు గౌరవము కాదు. వాని చెంత ఒక చిన్న బల్ల, కొంచెము రాగిరేకు, జింకురేకు, ఉప్పు ఉంచుదము. చదివిన బిడ్డ చేసి చూచును. మనము అడ్డుపెట్టకుండుటయే రజతోత్సవమునకు తగిన కానుక.