మోగని సైరన్లు

లహైనా ఒకప్పుడు హవాయి రాజ్యానికి రాజధాని. తర్వాత తిమింగిలాల వేటగాళ్ల రేవు, ఆ తర్వాత పర్యాటకుల ఊరు. 1873లో మన దేశం నుంచి వెళ్లిన మర్రిమొక్క అక్కడ పాత కోర్టు పక్కన ఊడలు దిగి ఊరంతటికీ గొడుగైంది. అంతటి ఊరు 2023 ఆగస్టు 8న ఒక్క సాయంత్రంలో కార్చిచ్చుకు బూడిదైపోయింది. మర్రి మాత్రం కమిలినా బతికింది.

జనాన్ని హెచ్చరించే సైరన్లు లేక కాదు. లహైనా ఉన్న మావీ కౌంటీలోనే ఎనభై దాకా ఉన్నాయి. నెలనెలా మోగించి పరీక్షిస్తారు కూడా. ఆ సైరన్ల వెనుక పాత శవాలున్నాయి. 1946 సునామీ హవాయిలో 159 మందిని మింగింది. 1960లో మరో సునామీకి హీలో పట్టణంలో సైరన్ మోగింది, కానీ మోగితే ఏం చేయాలో తేల్చుకోలేక చాలామంది కదలలేదు. 61 మంది పోయారు. ఆ పాఠం అప్పుడే నేర్వవలసింది.

లహైనాలో పొద్దున కరెంటు తీగల వల్ల రేగిన మంటను అగ్నిమాపక సిబ్బంది ఆర్పామనుకున్నారు. దూరాన డోరా తుపాను పోతోంది. పొడిగాలులు ఊళలు పెడుతూ వీస్తున్నాయి. మధ్యాహ్నం మూడు కావస్తుండగా మంట మళ్లీ లేచింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, ఫోన్లకు పంపిన హెచ్చరికలు చాలామందికి అందనే లేదు. సముద్రం పక్కనున్న ఫ్రంట్ స్ట్రీట్‌లో కార్లు కదలక, కొందరు సముద్రంలోకి దూకారు. అంత జరుగుతున్నా ఒక్క సైరనూ మోగలేదు.

కౌంటీ విపత్తుల విభాగాధిపతి హెర్మన్ ఆండయా ఆ రోజు ఓవాహు ద్వీపంలో, విపత్తులపైనే జరుగుతున్న సమావేశంలో ఉన్నారు. సైరన్ వింటే జనం సునామీ అనుకుని కొండవైపు, అంటే మంటల్లోకి పరుగెత్తేవారని తర్వాత వాదించారు. కొట్టిపారేయదగిన మాట కాదు. కానీ సైరన్లు కార్చిచ్చుకు కూడా వాడతామని రాష్ట్రం ముందే చెప్పుకుంది. మోగించనందుకు పశ్చాత్తాపం లేదని ఆగస్టు 16న అన్న ఆండయా, మర్నాడే ఆరోగ్య కారణాలతో రాజీనామా చేశారు.

మృతులు 102 మంది. ఈ పాపాన్ని ఒక్క ఆండయా నెత్తినే రుద్దడం న్యాయం కాదు. సైరన్ స్తంభాలు నాటి, నెలనెలా మోగించి, ఆ మోతకు అర్థమేమిటో జనానికి నేర్పని పాలన అంతటిదీ ఆ నేరం.